కోరికను తూచే తక్కెడ

వర్తకునికి తక్కెడ ఎంత ముఖ్యమో ఈ సంచిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. తాతల నాటి నుండి మన ఇండ్లలో నలుగురికీ అన్నవస్త్రాలు అమరినది తక్కెడ మూలముననే. పరులకు సరుకు తూచి ఇచ్చేటప్పుడు ఏ రాయి వాడవలెను, ముల్లు ఎక్కడ నిలవవలెను అనే విషయంలో మనకు సందేహం లేదు. కాని మన కొరకు మనం ఒక వస్తువు కొనుక్కునేటప్పుడు, అనగా మన కోరికను మనమే తూచవలసి వచ్చినప్పుడు, ఏ రాయి వాడుతున్నాము? ఆ రాయి మీద ముద్ర ఎవరిది? ఈ ప్రశ్నను పెద్దల ముందు, యువకుల ముందు ఉంచడమే నా ఉద్దేశము.

ప్రశ్నను ఊరక వేదాంతంగా చెప్పితే గాలిలో తేలిపోతుంది. అందుచేత అందరికీ తెలిసిన ఒక వస్తువును ఉదాహరణగా తీసుకుంటాను. అది డిజిటల్ కెమెరా. ఇంటిలో ఒక కెమెరా ఉన్నది. పనిచేస్తూనే ఉన్నది. అంతకంటె మంచిది బజారులోకి వచ్చినది. పెండ్లి దగ్గర పడుతున్నది, లేదా యాత్రకు బయలుదేరుతున్నాము. పిల్లలు అడుగుతున్నారు. పాతది చాలునా, కొత్తది తీసుకోవలెనా? తీసుకునేటట్లయితే దానిలోని ఏ గుణం చూసి తీసుకోవలెను? ఉప్పు, బియ్యము కొనేటప్పుడు ఇట్టి తర్జనభర్జన రాదు. ఇల్లు కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచిస్తారు. ఈ రెంటికి మధ్యనుండే వస్తువుల దగ్గరనే మన వివేకానికి పరీక్ష. అవి అత్యవసరము కావు, నిషిద్ధమూ కావు.

ఈ ప్రశ్నకు మన ఇండ్లలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటవి. పనిచేసే వస్తువు ఉండగా మరొకటి కొనడం పరిగ్రహము, కనుక వద్దు అనేది పెద్దల జవాబు. డబ్బు న్యాయంగా సంపాదించినది, ఎవరి నోరూ కొట్టలేదు, కనుక నా ఇష్టము అనేది చిన్నవారి జవాబు. రెండునూ తేలికైన జవాబులే. ఉమాస్వామి తత్త్వార్థసూత్రములో పరిగ్రహాన్ని వస్తువుతో గాక దాని మీది మమకారముతో ముడిపెట్టినారు. పాత కెమెరాను బీరువాలో దాచి, పిల్లలు ముట్టుకుంటే కసరుకునే మనిషి కొత్తది కొనకపోయినా అపరిగ్రహి కాలేడు. ఇక రెండవ జవాబు మాట. జమ పద్దు శుద్ధంగా ఉన్నంత మాత్రాన ఖర్చు పద్దు శుద్ధము కాదని చిట్టా వ్రాసే ప్రతివారికీ తెలుసును.

కనుక రెండు జవాబులనూ ప్రక్కన పెట్టి, వస్తువును తక్కెడలో వేసి చూద్దాము.

కొత్తదంతా దోషము కాదు

ముందుగా ఒక మాట. కొత్త సాధనాన్ని చూచి బెదరడం ధర్మము కాదు. కెమెరా చరిత్రే అందుకు సాక్ష్యము.

1871లో ఇంగ్లండు దేశపు వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడక్స్, వెలుగు తగిలితే మారే వెండి లవణాన్ని జెలటినులో కలిపి పలకకు పూసే పద్ధతిని ప్రకటించినాడు. ఆ తరువాత వచ్చిన పలకలు, ఫిల్ము చుట్టలు, ఫొటో కాగితాలు అన్నియు ఆ దారినే నడిచినవి. జెలటిను అనగా పశువుల చర్మమును, ఎముకలను ఉడికించి తీసే జిగురు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు పెట్టెలలో భద్రపరచుకున్న యాత్రల ఫొటోలు, దీక్షల ఫొటోలు, తీర్థంకర బింబాల ఫొటోలు కూడా ఆ జిగురు మీద నిలిచినవే. నీళ్ళు వడగట్టుకుని త్రాగే ఇండ్లలో ఈ సంగతి ఎందరికి తెలిసి ఉంటుంది?

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అను వారు వెలుగును విద్యుత్తుగా పట్టే సి.సి.డి. అను సాధనాన్ని కనిపెట్టినారు. దానికి 2009లో నోబెల్ బహుమతిలో భాగం దక్కినది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ అట్టి సాధనముతో మొట్టమొదటి డిజిటల్ కెమెరాను చేసినాడు. అది పట్టినది పదివేల చుక్కల బొమ్మ. దానిని కాసెట్టు టేపు మీద వ్రాయడానికి 23 సెకండ్లు పట్టినది. ఆ మోటు పెట్టె నుండి నేటి కెమెరాలు పుట్టినవి. బొమ్మను పట్టే చోట జెలటిను అవసరము తీరిపోయినది. రంగుల ల్యాబులో మందులతో కడిగి తీసే ఫొటో కాగితములో మాత్రం అది ఇంకా ఉన్నది. కాబట్టి ఆల్బము చేయించేటప్పుడు ఏ కాగితము అని అడగడం మనవారికి తగిన పని.

ఫిల్ము విడిచి డిజిటల్‌కు వచ్చినప్పుడు మనకు తెలియకుండానే ఒక హింస తగ్గినది. కొత్త వస్తువు అయినంత మాత్రాన దోషము లేదని దీనివలన తేలుతున్నది. కాని ఒక డిజిటల్ కెమెరా నుండి మరొక డిజిటల్ కెమెరాకు మారే ప్రతిసారీ ఇట్టి పుణ్యము కలసిరాదు. అక్కడ నిజంగా తూచవలసినదే.

కొత్త రాళ్ళు, తెలియని తూకాలు

మా తండ్రిగారు ఒక సంగతి చెప్పేవారు. 1956లో తూనికల చట్టము వచ్చి, 1958 అక్టోబరు నుండి కిలోగ్రాములు అంచెలంచెలుగా అమలులోకి వచ్చినవి. అంతకు ముందు మన ప్రాంతాలలో ఐదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. వీశె అనగా 120 తులాలు, సుమారు 1 కిలో 400 గ్రాములు. కొత్త రాళ్ళు వచ్చిన రోజులలో పల్లె నుండి వచ్చిన రైతుకు కిలో అంటే ఎంతో చేతికి తెలియదు. అంగడివాడు ఏ రాయి వేస్తే అదే తూకమని నమ్మవలసి వచ్చినది. తక్కెడ అడుగున చింతపండు అంటించే వాని కంటె, తెలియని రాయితో తూచి తెలిసినట్లు నమ్మించే వాడు ఎక్కువ మోసగాడని మా తండ్రిగారి అభిప్రాయము.

కెమెరా అంగడిలో మనమందరమూ ఆ పల్లె రైతులమే. మెగాపిక్సెలు, ఐ.ఎస్.ఓ., సెన్సరు, ఫ్రేములు అని వారు వేసే రాళ్ళు మన చేతికి అలవాటు లేనివి. అంకె పెద్దదయితే సరుకు మంచిదని అనుకుంటాము. కనుక ముఖ్యమైన నాలుగైదు రాళ్ళ తూకము చూచుకుందాము.

మొదటిది మెగాపిక్సెలు, అనగా బొమ్మలోని చుక్కల లెక్క, పది లక్షలలో. మా ఇంటిలోని పాత కెమెరా 12 మెగాపిక్సెళ్ళది. అడ్డంగా 4288 చుక్కలు, నిలువుగా 2848. కొత్తవానిలో సామాన్యంగా కనబడేది 24. అనగా 6000, 4000. 12 నుండి 24 అంటే రెండింతలు అనిపిస్తుంది. కాని బొమ్మ వెడల్పులో చూస్తే పెరిగినది 1.4 రెట్లు మాత్రమే. నిజంగా రెండింతల స్పష్టత కావలెనంటే చుక్కలు నాలుగింతలు కావలెను. అచ్చు లెక్క కూడా చెప్పుతాను. ఏ-4 సైజు నిండుపుట బొమ్మను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి 2480, 3508 చుక్కలు, అనగా 87 లక్షలు చాలును. 9 మెగాపిక్సెళ్ళు కూడా నిండలేదు. దూరపు గోపురాన్ని కత్తిరించి పెద్దది చేసుకునేవారికి, గోడంత బొమ్మ అచ్చు వేయించేవారికి ఎక్కువ చుక్కలు పనికివస్తవి. తక్కినవారికి అవి డిస్కు నింపే బరువు.

రెండవది సెన్సరు విస్తీర్ణము. వెలుగు అనే వాన కురుస్తుంటే ఇది ముంగిట పెట్టిన పళ్ళెము వంటిది. పళ్ళెము పెద్దదయితే ఎక్కువ పట్టుతుంది. ఫుల్ ఫ్రేమ్ అనేది 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు, అనగా 864 చదరపు మిల్లీమీటర్లు. ఏ.పి.ఎస్.-సి. అనేది చాల కంపెనీలలో సుమారు 23.5కి 15.6, అనగా 367 చదరపు మిల్లీమీటర్లు. మొదటిది రెండవదానికి రెండింతలకు పైబడి ఉన్నది. చీకటిగా ఉండే గర్భగృహాలలో, రాత్రి విందులలో ఈ తేడా కంటికి కనబడుతుంది. ఐతే పెద్ద సెన్సరుకు పెద్ద లెన్సులు కావలెను. బరువు పెరుగును, ధర పెరుగును. శ్రవణబెళగొళలో వింధ్యగిరి మెట్లెక్కే 60 ఏండ్ల మనిషికి మెడలోని బరువు కూడా ఒక తూకమే.

మూడవది లెన్సు. అంగడివారు ఎక్కువగా చెప్పని గుణము ఇదే. కెమెరాతో వచ్చే మామూలు జూమ్ లెన్సు, దూరపు వస్తువును దగ్గరకు లాగినకొద్దీ దాని ద్వారము 5.6 వరకు కుంచించుకుపోవును. విడిగా దొరికే 50 మి.మీ., 1.8 ద్వారము గల చిన్న లెన్సు దానికి సుమారు తొమ్మిదిన్నర రెట్ల వెలుగును లోపలికి విడుచును. దాని ధర కొత్త కెమెరా ధరలో చిన్న భాగము. చీకటిలో ఫొటోలు బాగుగా రావడం లేదని కెమెరా మార్చదలచినవారు ముందు దీని సంగతి విచారించుట మంచిది.

నాలుగవది కుదుపు ఆపే ఏర్పాటు, ఫోకస్ పట్టే ఏర్పాటు. ఈ రెంటినీ ఒకటిగా చెప్పి అమ్ముతుంటారు. మొదటిది మన చేతి వణుకును ఆపుతుంది. ఎదుట పరుగెత్తే మనుమడిని ఆపలేదు. అందుకు షట్టరు వేగము కావలెను, వెలుగు కావలెను. రెండవది మనిషి కన్నును గుర్తించి దాని వెంట నడుస్తుంది. అద్దము లేని కొత్త కెమెరాలలో ఇది నిజమైన అభివృద్ధి. పాత కెమెరాలలో చాలవాటిలో ఇట్టిది లేదు.

ఐదవది మౌంటు, అనగా లెన్సు తగిలించే వలయము. కెమెరా కొనడం ఒక వస్తువు కొనడముతో పోదు. ఒక వంశముతో వియ్యమందినట్లే. నికాన్ వారి ఎఫ్ మౌంటు 1959లో వచ్చినది. అద్దము లేని ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకని నికాన్, కానన్ రెండు కంపెనీలూ 2018లో కొత్త మౌంటులు తెచ్చినవి. పాత లెన్సులు అడాప్టరుతో తగులుకుంటవి గాని, కెమెరాలోని మోటారు మీద ఆధారపడే కొన్ని పాత లెన్సులు ఆ అడాప్టరు మీద తమంత తాము ఫోకస్ కావు. శరీరము ధర మాత్రమే చూచి కొన్నవారు రెండేండ్లలో దాని ఇంటివారినందరినీ ఇంటికి తెచ్చుకుంటారు.

ఏ కెమెరా మంచిదని నన్ను కొందరు అడిగినారు. మనది ధాన్యపు అంగడి. ఏ బియ్యము మంచిదని ఎవరైనా అడిగితే ఏ వంటకు అని మనము తిరిగి అడుగుతాము. పులిహోరకు పాతబియ్యము కావలెను. పరమాన్నానికి కొత్తబియ్యమే రుచి. వంట పేరు చెప్పకుండా అన్నిటికంటె మంచి బియ్యము ఇవ్వండి అన్నవానికి అన్నిటికంటె ఖరీదైన బియ్యము దొరుకును. కెమెరా సంగతీ అంతే.

నలభై ఫొటోల లెక్క

వంట పేరు తెలుసుకొనడానికి మా ఇంటిలో చేసిన ఒక పనిని ఇక్కడ చెప్పడం అనుచితము కాదనుకుంటాను. మేము బళ్ళారిలో తరతరాలుగా ఉంటున్నవారము. మా అబ్బాయి కొత్త కెమెరా కావలెనని అడిగినప్పుడు సరే, కాదు అనకుండా, పాత కెమెరాతో తీసి చెడిపోయిన ఫొటోలు నలభై ఏరుకుని రమ్మన్నాను. ఒక్కొక్క దాని ఎదుట అది ఎందుచేత చెడినదో నోటుపుస్తకములో వ్రాసుకున్నాము. బాగుగా వచ్చిన ఫొటోలను చూచి కెమెరా గుణము చెప్పలేము. అవసరము చెడిన సరుకులోనే కనబడును.

లెక్క ఇట్లు తేలినది. పదునాలుగు రాత్రివేళ, ఇంటి దీపాల వెలుగులో తీసి అలుక్కుపోయినవి. తొమ్మిదింటిలో పిల్లలు కదలినారు. ఏడు ఎండకు ఎదురుగా నిలబెట్టి తీసినందున ముఖాలు నల్లబడినవి. ఆరు శాసనాల ఫొటోలు, అక్షరాలు తెలియడం లేదు. మూడింటిలో ఫోకస్ వెనుక గోడ మీద పడినది. ఒకటి లెన్సు మీద వ్రేలిముద్ర. చుక్కలు చాలక చెడినది ఒక్కటీ లేదు.

ఎండకు ఎదురు, వ్రేలిముద్ర అనేవి ఏ కంపెనీ కెమెరా వచ్చినా మన వద్దనే ఉండే గుణాలు. శాసనాల సంగతి చెప్పవలెను. హంపిలో గాణిగిత్తి జినాలయము ఉన్నది. రెండవ హరిహరరాయల దండనాథుడు ఇరుగప్ప 1385లో దానిని కట్టించినాడు. ముందున్న ఏకశిలా దీపస్తంభము మీద శాసనము చెక్కి ఉన్నది. నడిమధ్యాహ్నము ఎండ నిటారుగా పడినప్పుడు ఆ అక్షరాలు రాతిలో కలిసిపోవును. ఎండ ఏటవాలుగా తగిలే వేళకు అక్షరపు గాడిలో నీడ నిలిచి, ప్రతి గీతా పైకి తేలును. పురావస్తుశాఖ రక్షణలోని కట్టడాల వద్ద ముక్కాలిపీట వాడవలెనంటే అనుమతి కావలెను గాని, ఏటవాలు ఎండకు ఎవరి అనుమతీ అక్కరలేదు. మరునాడు వేళ చూచుకుని వెళ్ళి పాత కెమెరాతోనే తీసినారు. అక్షరాలు చక్కగా వచ్చినవి.

చివరకు మిగిలినవి చీకటి ఫొటోలు, కదలిన పిల్లలు, తప్పిన ఫోకసు. చీకటికి, పిల్లలకు ఆ చిన్న 50 మి.మీ. లెన్సు కొన్నాము. రెండేసి ప్రతులు పెట్టుకొనడానికి రెండు డిస్కులు కొన్నాము. కొత్త కెమెరా ఆ సంవత్సరానికి ఆగినది.

ఇది విని కొనకపోవడమే నా పక్షమని పాఠకులు అనుకొనవద్దు. మా చిన్నాన్నగారి కుమారుడు పెండ్లిళ్ళకు ఫొటోలు తీసి జీవిస్తున్నాడు. అతనికి కూడా ఇదే లెక్క వేసినాము. జీలకర్ర బెల్లము పెట్టే క్షణము మరల రాదు. కార్డు ఒకటి చెడిపోయినా ఫొటోలు నిలిచేటందుకు రెండు కార్డులు ఒకేసారి వ్రాసే కెమెరా అతనికి కావలెను. జనసమ్మర్దములో వధువు కన్నును విడువని ఫోకసు కావలెను. అతని పాత కెమెరాలో ఈ రెండూ లేవు. అప్పుచేసియైనా కొనుమని నేనే చెప్పినాను. అతనిది పరిగ్రహము కాదు. పని చేయించుకుంటున్నవారి నమ్మకానికి అతడు చెల్లించే బాకీ. తక్కెడ ఒకటే, రాయి ఒకటే. సరుకు వేరు గనుక తూకము వేరుగా వచ్చినది. ఒక దృష్టితో చూచి చెప్పిన తీర్పు అన్ని దృష్టులకూ చెల్లదని మన పూర్వులు అనేకాంతములో బోధించినది ఇట్టి చిన్న విషయాలకు కూడా వర్తించును.

ముచ్చటకు వేరే పద్దు

మా అమ్మాయి ఒక ప్రశ్న వేసినది. "నాన్నగారూ, అన్నిటికీ అవసరము చూపించవలసినదేనా? ఒక మంచి వస్తువు చేతిలో పట్టుకుంటే కలిగే సంతోషానికి కూడా రశీదు కావలెనా?"

ప్రశ్న న్యాయమైనదే. సంక్రాంతికి ముగ్గులో రంగులు లేకపోయినా పండుగ జరుగును. ఐనా రంగులు వేస్తాము. సంతోషము కూడా మనిషికి కావలసినదే. గృహస్థులము, మునులము కాము. మంచి కెమెరా చేతికి వచ్చి, దాని మూలముగా పిల్లవాడు తెల్లవారుజామున లేచి చెరువు గట్టున పిట్టలను గమనించడం నేర్చుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

నేను అమ్మాయికి చెప్పిన మాట ఇది. సంతోషానికి ఖర్చుపెట్టు. కాని ఆవర్జాలో దానిని ముచ్చట పద్దు క్రిందనే వ్రాయి. ముచ్చటను తెచ్చి అవసరము పద్దు క్రింద వ్రాయడమే దొంగలెక్క. మన మూడవ అణువ్రతానికి చెప్పిన అతిచారాలలో హెచ్చుతగ్గు తూనికలు కూడా ఒకటి. అనగా తప్పుడు తూకము దొంగతనములో చేరినదే. పరులకు తూచేటప్పుడే ఇది వర్తించునని అనుకుంటాము. తన కోరికను తాను తూచుకునేటప్పుడు అవసరమనే రాయిని అరగదీసి, చిన్న కోరికను పెద్ద తూకము చూపించినవాడు ఎవరి సొత్తు దొంగిలిస్తున్నాడు? ఒక పద్దులో అబద్ధము వ్రాసినప్పుడు మరొక పద్దులో లోటు పడక తప్పదు. ఆ లోటు ఇంటి ఆడవారి వైద్యము పద్దులో పడవచ్చును, పనివాని జీతము పద్దులో పడవచ్చును, దానము పద్దులో పడవచ్చును. ముచ్చటను ముచ్చట అని వ్రాస్తే దాని హద్దు మనకు కనబడును. అవసరమని వ్రాస్తే దానికి హద్దు ఉండదు. అవసరాన్ని కాదనే ధైర్యము ఎవరికి ఉన్నది?

ఇచ్ఛాపరిమాణము అని పెద్దలు పెట్టిన వ్రతములోని మర్మము నాకు ఇక్కడ తెలుస్తున్నది. కోరికకు హద్దు ముందుగా గీసుకొనవలెను. వస్తువును చూచిన తరువాత గీసిన హద్దు వస్తువు చుట్టూనే తిరుగును. ఇంటి దగ్గర కూర్చుని, దేనికి, ఎంతలో అని కాగితము మీద వ్రాసుకుని అంగడికి వెళ్ళినవానికి, అక్కడ అద్దాల వెనుక మెరిసే వస్తువులు కేవలము వస్తువులుగానే కనబడును.

అమ్మేవారి ధర్మము

ఇంతవరకు కొనేవారి మాట చెప్పినాను. కాని ఈ సంచిక చదివేవారిలో ఎక్కువమంది అమ్మేవారము. మనమూ ఏదో ఒక వస్తువును, పెద్ద అంకె చూపించి, అమ్ముతూనే ఉన్నాము. బట్టల అంగడిలో, పాత్రల అంగడిలో, మిక్సీల అంగడిలో ఇదే సంగతి. వచ్చినవారికి అక్కరలేని సరుకు అడిగితే ఇచ్చి డబ్బు తీసుకొనవలెనా, ఇది మీకు అక్కరలేదని చెప్పవలెనా?

అడిగినది ఇవ్వడమే వర్తకుని పని, బుద్ధులు చెప్పడం కాదు అని కొందరు అంటారు. అందులో నిజము లేకపోలేదు. గిరాకీదారుని ఇంటి సంగతులు మనకెందుకు? అతని ముచ్చటను మనము కాదనడం అధిక ప్రసంగమే. పైగా ఇంటి అద్దె, గుమాస్తాల జీతాలు మన మెడ మీద ఉన్నవి. ఐనను అడిగినది ఇవ్వడం వేరు, అడగనిదాన్ని అవసరమని నమ్మించి అంటగట్టడం వేరు. ఈ రెంటికి మధ్య గీత ఎక్కడ అన్నది కష్టమైన ప్రశ్న. ఏ వంటకు అని ఒక్కమాట అడగడమే ఆ గీత అని నా అభిప్రాయము. అడిగి, జవాబు విని, దానికి తగినది చూపించి, ఆపైన అతని ఇష్టానికి విడిచినవాడు తన తక్కెడను శుద్ధంగా ఉంచుకున్నవాడే. అడగకుండా పెద్ద అంకె ముందుకు త్రోసినవాడు చింతపండు అంటించకపోయినా అంటించినవానితో సమానమే. అడిగే అంగడికి ఆనాటి బేరము తగ్గవచ్చును. మా తండ్రిగారు మధ్యరకము బియ్యము చాలునని చెప్పి పంపినవారి మనుమలు నేటికీ మా అంగడికి వస్తున్నారు. అట్లు రాకపోయినా ఆ మాట చెప్పవలసినదే.

రశీదులో కనబడని ఖర్చులు

కొనదలచినవారు ఇంకొక మూడు పద్దులు వ్రాసుకొనవలెను. అంగడివారి రశీదులో అవి ఉండవు.

ఒకటి, వస్తువు పుట్టిన చోటు. కెమెరా బ్యాటరీలలో కోబాల్టు అనే లోహము ఉండును. ప్రపంచములో దొరికే కోబాల్టులో సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో దేశము నుండి వస్తున్నది. అక్కడి చేతిగనులలో చిన్నపిల్లలు పనిచేస్తున్నారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వారు 2016లో బయటపెట్టినారు. జెలటిను పోయినదని సంతోషించిన మనము ఈ సంగతిని కూడా కళ్ళు తెరచి చూడవలెను. ఒక కెమెరాను ఐదేండ్లకు బదులు పదేండ్లు వాడినవాడు ఆ గనిలోని భారాన్ని తన వంతుగా సగము తగ్గించినట్లే. ఇది అహింసకు చిన్న లెక్క. చిన్నదైనా లెక్కే.

రెండు, పాతదాని గతి. బీరువాలో పడి ఉన్న కెమెరాకు బ్యాటరీ ఉబ్బును, లెన్సుకు బూజు పట్టును. కొత్తది కొన్ననాడే పాతది ఎవరికి అని తేల్చవలెను. బడిలో చరిత్ర పాఠము చెప్పే అయ్యవారికి, నేర్చుకొనే పేదపిల్లవానికి ఇవ్వవచ్చును. పనికిరానిదైతే చెత్తబుట్టలో వేయక, విద్యుత్ చెత్త తీసుకునే అనుమతిగల వారికి అప్పగించవలెను.

మూడు, తీసిన ఫొటోల పోషణ. కరీంనగరము ప్రాంతములోని కురిక్యాల వద్ద, బొమ్మలగుట్ట మీద, పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దములో చెక్కించిన శాసనము ఉన్నది. సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలలో ఉన్న ఆ శాసనములో తెలుగు కందపద్యాలు కలవు. వెయ్యేండ్లు దాటినా బండ మీద నిలిచి ఉన్నవి. మన డిస్కులోని ఫొటో అట్లు నిలుచునని ఎవరూ పూచీ పడలేరు. రెండు చోట్ల రెండు ప్రతులు ఉంచి, కొన్నేండ్లకొకసారి కొత్త డిస్కుకు మార్చుకుంటూ, ఎవరి ఫొటో ఎప్పటిదో పేరు వ్రాసిపెట్టుకుంటేనే అది మనుమల చేతికి అందును. వేలకొద్దీ తీసి, పేరు లేక, ప్రతి లేక పోగొట్టుకునేవాడు ఎంత గొప్ప కెమెరా కొన్నా ఏమి లాభము? పెట్టెలో ఇరవై ఫొటోలు మాత్రమే ఉన్న నాయనమ్మకు ప్రతి ముఖమూ పేరుతో తెలుసును.

కాబట్టి యువకులకు నేను చేసే మనవి ఇంతే. కొత్త కెమెరా అడగడానికి సంకోచించవద్దు. అడిగే ముందు చెడిన ఫొటోలు నలభై ఏరుకుని, వాటి ఎదుట కారణము వ్రాసి తీసుకురండి. పెద్దలకు చేసే మనవి కూడా ఒకటున్నది. వద్దు అనే మాట నోట రాకముందు ఆ కాగితము చదవండి. కొనవలసినదని తేలితే సంతోషంగా కొనిపెట్టండి. ముచ్చట అని తేలితే, ఇంటికి ఆ శక్తి ఉంటే, ముచ్చట పద్దున వ్రాసి కొనిపెట్టండి. పరులకు తూచే రాయితోనే మన కోరికను కూడా తూచుకున్న ఇంటిలో, కెమెరా కొన్నా కొనకపోయినా, చిట్టా శుద్ధంగా ఉండును.